పొద్దున్న ఇంట్లో ఎవరుంటారు?

పెదజాలరిపేట,
విశాఖపట్నం.

చిరంజీవి లక్ష్మికి అమ్మ దీవెనలు.

నిన్న ఫోన్లో నువ్వే మాట్లాడావు, నాకు సందు దొరకలేదు. అందుకే రాస్తున్నాను. మీ ఆరో తరగతిలో ఒక పిల్ల వారానికి రెండ్రోజులు రావట్లేదని చెప్పి, "వీళ్ళకి చదువంటే లెక్కలేదమ్మా" అన్నావు. టీచరుగా చేరి ఏడాది కాలేదు, అప్పుడే ఆ మాట నేర్చావా?

నువ్వు బడి మానకుండా చదివావంటే అది నీ తెలివొక్కటే కాదు. నేను చీకటితోనే గంప పట్టుకుని హార్బరుకి పోతే, నిన్ను లేపి, జడలేసి, చద్దన్నం పెట్టి పంపడానికి మీ నాయనమ్మ ఉండేది. బడి మన వీధి చివరే. గంట వినపడ్డాక బయల్దేరినా అందేది. మీ సత్యవతక్క నీకన్నా బాగా లెక్కలు చేసేది. కానీ వాళ్ళమ్మా నాతోపాటే చేపల వేలంపాటకి రావాలి. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, కింద ఇద్దరు పసివాళ్ళు. ఇంకెవరు చూస్తారు, పెద్దపిల్లే కదా! ఏడో తరగతి దాకా ఎలాగో ఈడ్చింది. హైస్కూలుకి పెద్దరోడ్డు దాటి పోవాలనేసరికి మానేసింది. అదే వీధిలో పోర్టులో పర్మనెంటు ఉద్యోగం ఉన్నాయన పిల్లలకి గుమ్మం ముందుకే వ్యాను వచ్చేది.

డీఎస్సీకి చదివేటప్పుడు విద్యాహక్కు చట్టం, 2009, కిలోమీటరు లోపు ప్రాథమిక బడి అని గట్టిగా వల్లెవేసేదానివి. సరే, కిలోమీటరే. చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళేదెవరు? బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం వేసే 'తల్లికి వందనం' డబ్బులు మీ పిన్నికి పడ్డాయి, పిల్లకి 13,000 చొప్పున. మంచిదే, ట్యూషన్ బాకీ తీరింది. కానీ ఆ డబ్బు తెల్లారగట్ల లేచి చంటిదాన్ని ఎత్తుకోదు కదా. అంగన్‌వాడీ తలుపు తీసేసరికి హార్బరులో పాట అయిపోతుంది.

మాకు సెలవులు కూడా తిరగబడే ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అమ్మానాన్నా ఇంటి దగ్గరుండే ఆ రోజుల్లో చాలావరకు బడికి సెలవులే. జూన్ 12న బడి తీస్తారు, ఆ వెంటనే బోట్లు కదులుతాయి.

నువ్వున్న శ్రీకాకుళం తీరంలో ఇంకా కష్టం. మగాళ్ళు గుజరాత్‌లో వీరావల్ పోయి నెలల తరబడి బోట్ల మీదే ఉంటారు. ఆ పిల్ల నాన్న కూడా అక్కడే ఉన్నాడేమో కనుక్కో. రాని రోజులేవో రిజిస్టరు తిరగేసి చూడు, సంత రోజులేమో. అందరినీ వెనకేసుకురావట్లేదు. తాగడానికి డబ్బుల కోసం పిల్లని పనికి తోలే తండ్రులు మన పేటలోనూ ఉన్నారు. వాళ్ళని తిట్టు, నేనూ తిడతాను.

ఆ పిల్లకి ఇంట్లో చిన్న తమ్ముడుంటే, వీలైతే వెంట తెచ్చుకోమను, వెనక కూర్చుంటాడు. హెడ్‌మాస్టారు గొణిగితే గొణగనీ. వాళ్ళమ్మతో మాట్లాడాలంటే పొద్దున్న వెళ్ళకు, ఉండదు. సాయంత్రం గంప దించాక వెళ్ళు. నెత్తళ్ళు ఎండబెట్టాను, వచ్చే వారం మీ తమ్ముడితో పంపిస్తాను.

ఇట్లు,
అమ్మ