గుడ్డులో ఏముందో చూడటానికి ఫోను లైటు చాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి సైన్సు గదిలో పెట్టిన, కోడిగుడ్లు పొదిగే పెట్టె గురించి మీలో చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. పిల్లల పోరు పడలేక, గుడ్లను పరీక్షించే లైటు ఆన్‌లైన్‌లో కొనమంటారా అన్నవారూ ఉన్నారు. కొనొద్దు. శ్రీకాకుళం చేపల మార్కెట్‌లో పక్కన పడేసిన థర్మోకోల్ పెట్టెతోనే ఇంక్యుబేటర్ చేసుకున్నాం. లైటు కోసం డబ్బు తగలేయడం ఎందుకు?

పెట్ట పొదిగినా, పెట్టె పొదిగినా కోడిపిల్ల రావడానికి 21 రోజులు పడుతుంది. ఈలోగా లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే చీకటి గదిలో గుడ్డుకు వెలుగు ఆనించి చూడాలి. పూర్వం కొవ్వొత్తి వెలుగులో చూసేవారు. పిల్లల్ని మాత్రం కొవ్వొత్తి, కిరోసిన్ దీపం జోలికి పోనివ్వకండి. మంట భయం సరే, గుడ్డు కూడా వేడెక్కుతుంది. పాత 60 వాట్ల బల్బుతోనూ అదే ఇబ్బంది. ఎల్‌ఈడీ లైటుకు అంత వేడి ఉండదు.

అన్నిటికంటే సులువైనది ఫోనే. మందపాటి అట్టముక్కకు పది రూపాయల బిళ్ళంత చిల్లు పెట్టండి. ఫోన్‌ను బోర్లా పెట్టి టార్చి వెలిగించి, చిల్లు సరిగ్గా లైటు మీదకు వచ్చేలా అట్టను పరవండి. గుడ్డు వెడల్పు కొనను చిల్లు మీద ఆనిస్తే లోపలంతా ఎర్రగా వెలుగుతుంది. చిల్లు చుట్టూ వెలుతురు కారిపోతుంటే పాత హవాయి చెప్పు ముక్కను చిల్లు పెట్టి వాడండి, మెత్తగా ఉండి గుడ్డుకు అతుక్కుంటుంది. టార్చిలైటు ఉన్నవాళ్ళు దాని మూతికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే చాలు. చెప్పుల డబ్బాలో ఎల్‌ఈడీ బల్బు పెట్టి మూతకు చిల్లు చేసే పద్ధతి కూడా ఉంది. కానీ వైరు, హోల్డరు పని పెద్దవాళ్ళే చేయాలి. ఏది వాడినా గది బాగా చీకటిగా ఉండాలి. నాటుకోడి గుడ్డు పెంకు కాస్త గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి తెల్లగుడ్డులో కనిపించినంత స్పష్టంగా కనిపించదు. దానికి టెన్షన్ పడొద్దు.

ఏడో రోజుకు ముందు చూసి లాభం తక్కువ. ఆ రోజున మంచి గుడ్డులో ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉండి పచ్చసొన నీడ మాత్రమే తేలుతుంటే అది పిల్ల కట్టని గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరం మాత్రమే ఉంటే పిండం మొదలై ఆగిపోయిందని అర్థం. పద్నాలుగో రోజుకు లోపల చాలా భాగం నల్లబడుతుంది, వెడల్పు కొనలో గాలి గది తెల్లగా కనిపిస్తుంది. గుడ్డులోని నీరు మెల్లగా ఆవిరయ్యేకొద్దీ ఆ గది పెరుగుతుంది. 50 గ్రాముల గుడ్డు పద్దెనిమిదో రోజుకు ఆరేడు గ్రాములు తగ్గుతుంది. పిల్లలు గాలి గది అంచును పెన్సిల్‌తో గీసి, గుడ్డు తూచి, నోట్‌బుక్‌లో రాస్తున్నారు. నా లెక్కలో ఈ రాత పని యూనిట్ టెస్టు మార్కుల కంటే తక్కువది కాదు. అనుమానంగా ఉన్న గుడ్డును పారేయకుండా ప్రశ్నార్థకం గీసి మళ్ళీ పెట్టెలో పెట్టమన్నాం.

మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డును పొదిగిస్తే పిల్ల వస్తుందా అని ఒక పాప అడిగింది. మంచి ప్రశ్న. ఫారాల్లో గుడ్లు పెట్టే కోళ్ళ దగ్గర పుంజులు ఉండవు, అందుకే ఆ గుడ్లు పొదగవు. నమ్మకం కుదరాలని ఒక ఫారం గుడ్డునూ పెట్టెలో పెట్టాం. ఏడో రోజున అది తేటగానే ఉంది.

మన నాయనమ్మలు, అమ్మమ్మలు గుడ్డును చెవి దగ్గర పెట్టి ఊపి, గలగలమంటే మురిగిపోయిందని చెప్పేస్తారు. వాళ్ళ చెవి మీద నాకు గౌరవమే, అయితే ఊపితే మంచి గుడ్డూ పాడవుతుంది. వాళ్ళు మరో పని కూడా చేసేవారు: చీకటి గదిలో తలుపు సందు నుంచి వచ్చే ఎండకు గుడ్డును పిడికిట్లో అడ్డంపెట్టి చూసేవారు. ఇది మాత్రం నిక్షేపంగా చేయొచ్చు.

ఇంట్లో కోడి పొదుగుతుంటే రాత్రిపూట చూడండి, అప్పుడు పెట్ట గొడవ చేయదు. అది రోజూ మేతకు పావుగంట, ఇరవై నిమిషాలు లేచి వెళుతుంది కాబట్టి ఐదు నిమిషాలు గుడ్లు బయట ఉంటే ఏమీ కాదు. మురిగిన గుడ్లను వెంటనే తీసి పాతిపెట్టండి, పగిలితే కంపు భరించలేం. గుడ్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. పద్దెనిమిదో రోజు తర్వాత మా పెట్టె మూత తీయం, గుడ్లు తిప్పం. మీవాళ్ళు ఎంత బతిమాలినా సరే.

ఈ పని అక్టోబరులో ఎందుకు పెట్టుకోలేదో మీకు చెప్పనక్కర్లేదు. 2018లో తిత్లీ తుపాను నాటి కరెంటు కష్టాలు మన జిల్లాలో అందరికీ గుర్తే. ఇప్పుడు కూడా కరెంటు పోతే పెట్టెలో పెట్టడానికి వేడినీళ్ళ సీసాలు సిద్ధంగా ఉంచాం.

కోడిపిల్లల్ని గుడ్లు ఇచ్చిన ఇళ్ళకే పంచుతాం. పెంకు మీద పెన్సిల్‌తో రాసిన పేర్లు పెంకుతోనే పోతాయి, కనుక ఏ పిల్ల ఎవరిదన్న తగువు దయచేసి నా దగ్గరికి తేవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు