పదో మనిషి ఎవరు?

సంపాదకుడు గారికి,

మతం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ‘అది వ్యక్తిగత విషయం, వదిలేయండి’ అని తేల్చేస్తుంటారు. మీ పత్రిక వ్యాసాల్లోనూ ఈ మాట తరచూ కనిపిస్తుంది. ప్రభుత్వం తలదూర్చకూడదన్నంతవరకు అది సరే. కానీ మతం లోపలికి వెళ్లి చూస్తే, ‘వ్యక్తి’ ఒక్కడే విడిగా దొరకడం కష్టం.

యూదులనే తీసుకోండి. రోజూ చేసే ప్రార్థన చాలావరకు ఒంటరిగా చేసుకోవచ్చు. తండ్రి పోయినప్పుడు కొడుకు చదివే కద్దిష్ అనే ప్రార్థన మాత్రం అలా కుదరదు. దానికి మిన్యాన్ ఉండాలి, అంటే పదిమంది పెద్దవాళ్లు. పదమూడేళ్లు నిండిన పిల్లవాడూ పెద్ద కిందే లెక్క. తొమ్మిదిమందే వస్తే పుస్తకం చేత్తో పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. ఆ వచ్చే పదో మనిషి పండితుడు కానక్కర్లేదు, పోయినాయన్ని ఎరిగి ఉండనక్కర్లేదు. వస్తే చాలు.

బౌద్ధం ఇంకా విచిత్రం. ‘నేను’ అనే స్థిరమైన వస్తువే లేదంటుంది. అలాంటప్పుడు ఎవరి దారి వారిదే కదా అనుకుంటాం. కానీ బుద్ధుడు, ధర్మం తర్వాత శరణు కోరేది సంఘాన్నే. భిక్షువుగా ఉపసంపద, అంటే పూర్తి దీక్ష, పొందాలంటే పదిమంది భిక్షువులు కూర్చోవాలి. భిక్షువులు దొరకని దూరప్రాంతాల్లో ఐదుగురు చాలు. మీటింగుల భాషలో చెప్పాలంటే, కోరం!

అసలు పేచీ ఇక్కడే. ఆ లెక్కలోకి ఎవరొస్తారు? పాత నియమాలను గట్టిగా పట్టుకునే ఆర్థడాక్స్ యూదులు మిన్యాన్‌కి ఆడవాళ్లను లెక్కపెట్టరు. తల్లిని పోగొట్టుకున్న కూతురు ఆ మందిరంలోనే ఉన్నా తొమ్మిది తొమ్మిదే. అమెరికాలో యూదుల్లోనే కన్సర్వేటివ్ అనే మరో శాఖ 1973లో ఆడవాళ్లనూ లెక్కపెట్టవచ్చంది. శ్రీలంకలోనేమో భిక్షుణీ పరంపర ఎప్పుడో శతాబ్దాల కిందట తెగిపోయింది. కొత్తగా భిక్షుణి కావాలంటే దీక్షనివ్వడానికి ముందే భిక్షుణులు ఉండాలి, వాళ్లేమో లేరు. చివరికి 1998లో బోధ్‌గయలో, తైవాన్ బౌద్ధుల సాయంతో, కొందరు శ్రీలంక స్త్రీలు ఉపసంపద తీసుకున్నారు. శ్రీలంకవాళ్లు అనుసరించే థేరవాద బౌద్ధ శాఖ పెద్దల్లో చాలామంది దాన్ని ఇప్పటికీ ఒప్పుకోరు.

‘వ్యక్తిగతం’ అనేస్తే ఈ పేచీ ఎవరికీ వినపడదు. గదిలో ఉండి కూడా లెక్కకు రాని మనిషి తన గురించి తాను ఏమనుకోవాలి? మీ ఆధ్యాత్మిక పేజీలో పండగ విశేషాలు, ప్రవచనాలు బోలెడు వస్తున్నాయి. ఏ మతమైనా సరే, అలా లెక్కకు రానివాళ్ల చేతే ఒక్కసారి ఆ పేజీ రాయించి చూడండి.

– ఒక పాఠకురాలు