శబ్దం లేకున్నా రేసు రేసే

సంపాదకుడికి,

రేసింగ్ అంటే పెట్రోలు వాసన, చెవులు దిమ్మెక్కే మోత అనుకునే పాతకాలం కార్ల పిచ్చోణ్ని నేను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసుకి వెళ్దామా వద్దా అనుకుంటూనే వెళ్లాను. కారు దూసుకెళ్తుంటే సన్నటి కూత, అంతే. పక్క సీటాయన "మిక్సీ తిరుగుతున్నట్టుంది" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ చివరి ల్యాపుల్లో ముందున్న డ్రైవర్ వెర్న్ కారులో ఛార్జ్ అడుగంటుతోంది, వెనక తరుముతున్న డ్రైవర్ కాసిడీకేమో ఇంకా బాగానే మిగిలింది. అయినా సందివ్వకుండా వెర్నే గెలిచాడు. ఆ టెన్షన్‌లో మోత సంగతే గుర్తు రాలేదు.

ఆ 2.83 కిలోమీటర్ల ట్రాక్ కోసం సచివాలయం చుట్టూ రోడ్లు మూసేసి జనాన్ని తిప్పలు పెట్టిన మాటా నిజమే. అందుకే 2024 రేసు రద్దయినప్పుడు నేనేమీ పెద్దగా బాధపడలేదు. కావలసింది ఏడాదికోసారి ముస్తాబు చేసే రోడ్డు కాదు, శాశ్వత ట్రాక్. చెన్నై దగ్గర ఒకటుంది, కోయంబత్తూరులో ఒకటుంది. 2005లో ఫార్ములా వన్ కార్ల రేసుల్లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ పెరిగింది ఆ కోయంబత్తూరులోనే మరి!

మన కుర్రాళ్ల చేతికి సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఎనిమిది సెకన్లలో వెళ్లే కార్లొచ్చాయి. వాటి సత్తా చూడ్డానికి అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డే దిక్కు. ఫైన్లు వేయండి, కాదనను. ఆదివారం పూట డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని తోలుకునే చోటు కూడా చూపించండి.

- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్