పాత తోటకు పేవర్ టైల్స్ సింగారమా?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా అనుబంధంలో పాత బంగళా తోట సుందరీకరణ గురించి వచ్చిన వార్త చదివాను. తోటను మరోసారి కళ్లారా చూశాకే రాయడం న్యాయమనిపించి ఆగాను. చూసి వచ్చాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆ తోట ఎవరిదో, వారసుల మధ్య తగవు ఎలా తెగిందో, అది ఎలా ప్రభుత్వం చేతికి వచ్చిందో కడప పాఠకులందరికీ తెలిసిన సంగతులే. పచ్చిక మైదానం, రంగుల ఫౌంటెన్, పేవర్ టైల్స్ దారులు, సెల్ఫీ పాయింట్ రాబోతున్నాయని మీ విలేకరి సంతోషంగా రాశారు. వాటి కోసం ఏమేం తీసేస్తున్నారో మాత్రం ఒక్క వాక్యమైనా రాయలేదు.

ఆ తోటను వేసినవారు మొదట చూసుకున్నది నీటిని. నేల ఎత్తుగా ఉన్నచోట బావి తవ్వించి, ఎద్దులు లాగే కపిలతో తోడిన నీళ్లు రాతి తొట్టిలో పడి, అక్కడి నుంచి గచ్చు కాలువల గుండా తోట చివరిదాకా వాటంతట అవే పారేటట్టు వాలు కుదిర్చారు. ఆ నీళ్లు ముందు బంగళా ఎదుటి పూలమళ్లకు, తర్వాత నిమ్మ, దానిమ్మ పాదులకు, ఆపైన మామిడి వరుసలకు అందేవి. పడమటి వైపు చింత, వేప, కానుగ చెట్లను దట్టంగా పెంచింది సాయంత్రపు ఎండా వడగాలీ ఇంటిని తాకకూడదనే. వరండాలో నిలబడితే చూపు మామిడి వరుసల మధ్యగా నేరుగా బావిగట్టు దాకా పోతుంది. ఇదంతా ఆలోచించి, కొలిచి చేసిన పని. పై చదువులు చదివిన ఇంజనీర్లకు ఈ అమరిక ఎందుకు కనిపించలేదో నాకు అర్థం కావడం లేదు.

ఇప్పుడు ఆ కాలువలను మట్టితో పూడ్చి, పైన టైల్స్ పరుస్తున్నారు. బావికి ఇనుప జల్లెడ బిగించి, పచ్చిక తడపడానికి కొత్తగా బోరు వేశారు. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటే ఊళ్లో, వేసవి వచ్చిందంటే ట్యాంకర్ల కోసం జనం బిందెలతో నిలబడే ఊళ్లో, రోజూ తడపకపోతే మాడిపోయే గడ్డిని ఎవరి కోసం పెంచుతున్నారు? ముసలి చెట్ల మొదళ్ల చుట్టూ సిమెంటు అరుగులు కట్టారు. వేళ్లకు గాలీ నీరూ అందకుండా చేసి, రేపు చెట్టు ఎండితే వయసైపోయి ఎండిందని రాసుకుంటారు. పొగడ, సంపెంగ ఉన్నచోట నాటడానికి కోనోకార్పస్ అనే విదేశీ అలంకార మొక్కలు దించారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటవద్దని నిషేధించిన మొక్క మన దగ్గర అందానికి గుర్తు ఎలా అయింది? ఇక నడకదారుల్లో తరాలుగా చెక్కుచెదరని కడప బండలను పెకలించి గోడవారగా పడేశారు. ఊరూరి వాళ్లూ కోరి కొనుక్కుపోయే మన నాపరాయి మన తోటకే పనికిరాకుండా పోవడం చూస్తే కడుపు మండుతోంది.

చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతోంది. నరికిన రెండు నేరేడు చెట్లకు ఎవరు అనుమతి ఇచ్చారని పనులు చేయిస్తున్న కార్యాలయంలో అడిగితే, ఒక గుమస్తా ఇంకో గుమస్తా దగ్గరికి పంపారు. టెండరు కాగితాల్లో చెట్ల ఊసే లేదని ఆ రెండో గుమస్తా జవాబిచ్చారు. అసలు జబ్బు అక్కడే ఉంది. చదరపు మీటరుకు ఇంతని టైల్స్‌కు బిల్లు పెట్టుకోవచ్చు; ఉన్న కాలువను ఉన్నట్టు కాపాడితే బిల్లు రాదు. అందుకే ఏ ఊరి పార్కు చూసినా అదే ఫౌంటెన్, అవే సిమెంటు జింకలు. అధికారి బదిలీ అయిన మర్నాటి నుంచి ఫౌంటెన్‌లో నీళ్లుండవు.

మన జిల్లాకు ఇది మొదటి నష్టం కూడా కాదు. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఆ తర్వాత ఇక్కడే 15 ఎకరాల తోటతో ఉన్న బంగళా కొని, అందులో పండితులను నియమించి, సొంత డబ్బుతో తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించారు. ఆ బంగళా శిథిలాల చోట పెద్దల పుణ్యమా అని భాషా పరిశోధన కేంద్రం వెలిసింది. తోట మాత్రం పోయింది. బెంగళూరు లాల్‌బాగ్ కూడా 1760లో హైదరాలీ తన కోసం వేయించుకున్న తోటే. 1856లో ప్రభుత్వ ఉద్యానవనంగా మారి, తోటపని తెలిసినవారి చేతుల్లో పెరిగింది కనుక ఈనాటికీ నిలిచింది. చారిత్రక తోటలను సజీవ స్మారకాలుగా చూడాలని, చరిత్రను పరిశోధించకుండా పునరుద్ధరణకు దిగకూడదని 1981లోనే ఫ్లారెన్స్‌లో నిపుణులు నియమావళి రాశారు. పాత గోడకు సున్నం కొట్టడానికి పురావస్తు శాఖను అడగాలని తెలిసినవారికి, పాత తోటలో గునపం దించే ముందు కూడా ఎవరినైనా అడగాలని తోచలేదు.

అడగడానికి మనుషులు లేరా అంటే ఉన్నారు. రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల ఉంది. కడపలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి అధ్యాపకులనూ విద్యార్థులనూ పిలిచి, ప్రతి చెట్టునూ, కాలువల వాలునూ, బావినీ కొలిపించి పటం గీయించాలి. అది పూర్తయ్యేదాకా పనులు ఆపాలి. పూడ్చిన కాలువలను తవ్వించి, సిమెంటు అరుగులను పగలగొట్టించి, గోడవారగా పడి ఉన్న బండలు మాయమయ్యేలోగా వాటిని దారుల్లో తిరిగి పరిపించాలి. పచ్చికకు కేటాయించిన సొమ్ముతో బావి పూడిక తీయించవచ్చు. ఈ లేఖను ప్రచురించడంతోపాటు, మీ విలేకరిని మరోసారి తోటకు పంపి, పడమటి వైపు ఇంకా ఎన్ని చెట్లకు నరకడానికి గుర్తులు వేశారో ఫొటోలతో సహా రాయించాలని కోరుతున్నాను.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప