వార్షిక నివేదిక 2024–25: హోమ్ పిల్లల గురించి ఉపసంఘం తెలుసుకున్నది

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, వేసవి చలివేంద్రం, వినాయక చవితి పందిరి ఎప్పటిలాగే జరిగాయి. పద్దుల కాగితం విడిగా పంచుతున్నాం. బిల్లులు చూడాలనుకునేవారు కోశాధికారిగారిని అడగవచ్చు. ఇక అసలు సంగతికి వస్తాను. మన పట్టణంలోని బాలల హోమ్‌లో ఉంటున్న పిల్లలకు మానసికంగా ఏ ఆసరా దొరుకుతోందో తెలుసుకుని రమ్మని కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు చెప్పారు. ఇద్దరు రిటైరైన టీచర్లు, ఒక నర్సమ్మ, ఒక వకీలుగారు, నేను కలిసి ఆ పని చేశాం.

మొదటి అడుగే తప్పటడుగు. పిల్లల్ని అడగడానికి ప్రశ్నల కాగితం రాసుకుని వెళ్లాం. సూపరింటెండెంట్ మేడమ్ దాన్ని చదివి, మర్యాదగానే పక్కన పెట్టారు. ఇక్కడికి చేరేలోపే ఈ పిల్లలు పోలీసులకోసారి, పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందు ఒకసారి, హోమ్‌లో ఇంకోసారి జరిగిందంతా చెప్పుకున్నవాళ్లే, మళ్లీ మీకూ చెప్పాలా అని అడిగారు. మేం తల దించుకున్నాం. తర్వాత ఆ కమిటీ అనుమతి తీసుకున్నాం గానీ, పిల్లల్ని మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు. పిల్లల్ని దగ్గరుండి చూసుకునే హోమ్ మదర్లనూ, కౌన్సెలర్‌నూ, బడి టీచర్లనూ, జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లనూ కలిశాం. పిల్లలెవరో గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఇక్కడ ఏ బిడ్డ కథా ఉండదు.

కాగితం మీద ఏర్పాటుకు వంక పెట్టలేం. 2015 నాటి ఆ చట్టం ప్రకారం ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలి. అందులో చదువు, ఆరోగ్యంతోపాటు మానసిక అవసరాలకూ ఒక గడి ఉంది. 2016 నమూనా నియమాలు వందమంది పిల్లలకు ఇద్దరు కౌన్సెలర్లు ఉండాలంటాయి. 14416కి ఫోన్ చేస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. పెద్ద ఇబ్బందైతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అయితే ఒక బిడ్డను విశాఖ తీసుకెళ్తే హోమ్ మదర్ ఒకరు ఆ రోజంతా మిగతా పిల్లలకు దూరమైనట్టే. ఈ లెక్క ఏ నియమావళిలోనూ రాసి ఉండదు.

మాకు కళ్లు తెరిపించింది ఎస్‌డీక్యూ అనే 25 ప్రశ్నల పత్రం. పిల్లల మనఃస్థితి అంచనా వేయడానికి చాలా దేశాల్లో వాడతారు. కిందటి ఆరు నెలల ప్రవర్తన ఎలా ఉందో, ఆ బిడ్డ గురించి బాగా తెలిసిన పెద్దవాళ్లు నింపాలి. మేం కలిసిన హోమ్ మదర్లలో ఒకామె చేరి రెండు నెలలే అయింది. అంతకుముందున్నామె వెళ్లిపోయింది. మరి ఆ పత్రం ఎవరు నింపాలి? పిల్లవాడు పక్క తడుపుతున్నాడని కొత్తామెకు తెలుసు. ఎప్పటినుంచో, ఏ రోజు తర్వాతో తెలియదు. కౌన్సెలర్ కూడా కాంట్రాక్టు మనిషే. మేం డాక్టర్ల కొరత గురించి తెలుసుకుందామని వెళ్లాం. కనబడింది నిలకడగా ఉండే మనిషి కొరత.

ఇది మా ఊహ మాత్రమే కాదు. రొమేనియాలో బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగంమందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవాళ్లు చాలా విషయాల్లో మెరుగ్గా తేరుకున్నారు.

ఇప్పుడు కొంతమందికి నచ్చని మాట. మనం ఏళ్లుగా పుట్టినరోజులకు ఆ హోమ్‌లో భోజనాలు పెడుతున్నాం, కేకు కోయిస్తున్నాం, ఫొటోలు దిగి గ్రూపులో పెడుతున్నాం. నేనూ మా మనవడి పుట్టినరోజు అక్కడే చేశాను. వచ్చినవాళ్లందరికీ నమస్తే అంకుల్ చెప్పి, పాట పాడి, వాళ్లు వెళ్లాక ప్లేట్లు తీయడం పిల్లలకు అలవాటైపోయిందని ఒక హోమ్ మదర్ చెప్పింది. మళ్లీ కనబడనివాళ్ల కోసం నవ్వడం కూడా ఒక పనేనని నాకు అప్పుడు తట్టింది. ఉపసంఘం సిఫార్సు మీద భోజనాలు ఆపేశాం. ముగ్గురు సభ్యులు కోపగించుకున్నారు. ఒకరు చందా వెనక్కి అడిగారు, ఇచ్చేశాం. ఫొటోలు తీసేయమని గ్రూపులో మూడుసార్లు రాశాను, ఇంకా కొన్ని ఉన్నాయి.

ఇంకో సంగతి. హోమ్ పిల్లలంటే అంతా అనాథలే అనుకుంటాం. తల్లో తండ్రో ఉండి, పెంచే శక్తి లేక చేర్చిన పిల్లలూ ఉన్నారు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద అలాంటి బిడ్డ ఇంట్లోనే ఉండేలా స్పాన్సర్‌షిప్‌గా నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఏడాది ఆదాయం పల్లెలో 72,000, పట్టణంలో 96,000 రూపాయలు దాటకూడదు. వకీలుగారు రెండు కుటుంబాలకు దరఖాస్తు రాసి, ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఫీసు చుట్టూ తిరిగారు. ఒకటి మంజూరైంది, రెండోది ఇంకా కదల్లేదు. నన్నడిగితే ఏడాదిలో మనం చేసిన మానసిక సేవ ఇదొక్కటే.

వచ్చే ఏడాదికి: బాలల సంక్షేమ కమిటీ అనుమతితో నలుగురు సభ్యులు ప్రతి ఆదివారం ఒకే వేళకు వెళ్లి హోంవర్కు చేయిస్తారు, క్యారమ్స్ ఆడతారు. ఇద్దరు దొరికారు, ఇంకో ఇద్దరు కావాలి. పోలీసు వెరిఫికేషన్ తప్పదు. ఏడాదిలోపు బదిలీ అయ్యే ఉద్యోగులు, తమ పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే ఆలోచనలో ఉన్నవారు దయచేసి దీనికి పేరివ్వకండి. వారికి ఆదాయ ధ్రువపత్రం పని అప్పగిస్తాం.

– కార్యదర్శి