మంత్రిగారూ, మట్టల కింద చూసేవాళ్లను పంపండి

ఉద్యాన శాఖ మంత్రిగారికి ఒక కోనసీమ కొబ్బరి రైతు నమస్కారాలు.

కొబ్బరి ఆకుల రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడింది, ఆ వెంటే గోదావరి జిల్లాల్లో దిగింది. ఇన్నేళ్లయినా ఈ నెల అది ఏ ఊళ్లో ఉంది, ఎటు పాకుతోంది అని అడిగితే చెప్పే నాథుడు మాకు కనబడలేదు. గ్రీవెన్స్‌లో అర్జీలు పెట్టాం. రసీదులు వచ్చాయి, మనిషి రాలేదు.

ఎప్పుడైనా వచ్చినా తోట నల్లబడ్డాకే వస్తున్నారండి. దోమ మొదట ఆకు అడుగున సుడులు సుడులుగా గుడ్లు పెట్టి, వాటిపై తెల్లటి మైనపు నూగు పరుస్తుంది. కింద నిలబడి చూస్తే ఏమీ తెలియదు. తర్వాత జిగురు కారుతుంది. కింది మట్టలు, అంతరపంటగా వేసిన అరటి, కోకో అన్నీ ముట్టుకుంటే చేతికి అంటుకుంటాయి. ఆ జిగురు మీద మసిలాంటి నల్లబూజు పడుతుంది. అప్పుడు గానీ మాకు అర్థం కాదు. అప్పటికి పక్క తోటలకూ పాకి ఉంటుంది. ఆ టెన్షన్‌లో రైతు దొరికిన మందల్లా కొడతాడు. దాంతో దోమను చంపే ఎన్కార్సియా అనే పరాన్నజీవి పురుగు కూడా చచ్చిపోతుంది. మందు కొట్టొద్దని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. కానీ తన తోటలో ఆ మిత్రపురుగు ఉందో లేదో రైతుకు ఎవరు చూసి చెప్పాలి? అది ఉన్న తోట నుంచి ఆకు ముక్కలు కోసి, లేని తోటలో చెట్లకు గుచ్చితే చాలంటారు. ఏ తోటలో ఉందో తెలిస్తేనే కదండీ కోసేది!

దింపు కార్మికులు నెలన్నరకో రెండు నెలలకో చెట్టెక్కుతారు. మట్టల కింద ఏముందో అందరికంటే ముందు చూసేది వాళ్లే. వాళ్లకు గుడ్ల సుడిని గుర్తుపట్టడం నేర్పండి, చూసింది రాసుకునే మనిషిని ఊరికొకరిని పెట్టండి. వానలు తగ్గగానే పసుపు రంగు జిగురు అట్టలు కట్టించండి. నర్సరీ నుంచి మొక్క లారీ ఎక్కేముందు ఆకు తిరగేసి చూసే ఏర్పాటు చేయండి. మొక్కతో పాటే దోమ ఊళ్లు దాటుతోంది. నర్సరీవాళ్ల కడుపు కొట్టమని కాదు, వాళ్లూ మా గోదావరివాళ్లే.

నష్టపరిహారం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు చూసేవాళ్లను పంపండి సార్. ఈసారి వానలు తగ్గేలోపు పంపండి, మీకు దండం పెడతాం.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు, కోనసీమ