పోలింగ్ శాతమే చైతన్యమా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో పల్లె ఓటరుకు చైతన్యం పెరిగిందని రాశారు. ఎందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను గానీ మనసొప్పలేదు. 2021 మొదటి విడత పంచాయతీ ఎన్నికల్లో రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటిందట, కాబట్టి మాకు అన్నీ తెలుసట! అందులో చెన్నై, హైదరాబాద్‌ల నుంచి రానూపోనూ ఛార్జీలిచ్చి రప్పించిన మా వలస కూలీలు ఎంతమందో మీ విలేకరి అడిగారా? పొద్దున్న బస్సు దిగి సాయంత్రం రైలెక్కే కుర్రాడికి ఏ గుర్తు మీద ముద్ర వేయాలో దారిలోనే చెప్పేస్తారు. ఆ గుర్తు ఎవరిదో వాడికెందుకు?

ఆ విడతలో నామినేషన్ల ఉపసంహరణ ఫిబ్రవరి 4న, పోలింగ్ 9న. బరిలో ఎవరున్నారో తేలాక మిగిలింది నాలుగైదు రోజులు. పంచాయతీకి పార్టీ గుర్తులుండవు, మనిషిని చూసి వేయండంటారు. మంచిదే. ఏం చూడాలి? అభ్యర్థి ఆస్తులు, కేసులు, చదువు రాసిచ్చిన కాగితం, అదే అఫిడవిట్, ఉంటుంది కదా అని అప్పట్లో పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. నోటీసు బోర్డు మీద అది పాత పింఛన్ల జాబితా కింద సగం కనిపిస్తోంది. జాబితా పైకెత్తి చదువుతుంటే ‘మీరు కూడా నిలబడ్డారా మాస్టారూ?’ అని అక్కడున్నవాళ్లు అడిగారు. నేను మాస్టారిని కాను, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. కళ్లజోడు ఉండి కాగితం చదివితే మాస్టారే అనుకుంటారు కాబోలు.

ఇక ఏకగ్రీవాల సంగతి. పోటీ లేకపోతే జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకమని అప్పుడు ప్రకటించారు. తెలుసుకునే శ్రమే లేకుండా చేశారు! మహిళలకు సగం స్థానాలిచ్చాం అంటారు. ఫ్లెక్సీలో ఆమె ఫొటో కంటే భర్త ఫొటో పెద్దది. ఆమె గొంతు ఎలా ఉంటుందో ఓటేసిన వాళ్లలో ఎందరు విన్నారు?

పట్నం వాళ్లు మమ్మల్ని చూసి నవ్వనక్కర్లేదు. శ్రీకాకుళం 2015లో కార్పొరేషన్ అయింది. 2021లో విజయనగరం వాళ్లు కార్పొరేటర్లను ఎన్నుకుంటే ఇక్కడ ఎన్నికల్లేక ప్రత్యేకాధికారి పాలనే. అభ్యర్థే లేనప్పుడు తెలుసుకోవడానికేముంది?

నాయకుల పుట్టినరోజు ప్రకటనలకు అరపేజీ ఇస్తున్నారు. ఈసారి ఆ జాగాలో మా మండలం అభ్యర్థుల అఫిడవిట్లు వేయండి. చదవలేని వాళ్లకు రచ్చబండ దగ్గర కూర్చుని నేనే చదివి వినిపిస్తాను. ఛార్జీలు కూడా అడగను.

- ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
శ్రీకాకుళం జిల్లా